కళాపూర్ణోదయం ప్రతుల సంగతి: డబ్బు కట్టిన 24 మందికీ

నమస్కారమండీ.

జూన్ మొదటివారంలో మన షాపులో పింగళి సూరన పద్యకావ్యం కళాపూర్ణోదయానికి తలా 350 రూపాయలు కట్టిన 24 మందికీ ఈ ఉత్తరం. పదిహేను రోజుల్లో పుస్తకం చేతికిస్తానన్నాను. రెండున్నర నెలలు దాటింది. మధ్యలో ఫోన్ చేసినవాళ్లకి "దారిలో ఉన్నాయండీ, వచ్చేస్తున్నాయి" అంటూ వచ్చాను. కొందరి విషయంలో అది అబద్ధం. అప్పటికి ఏ ప్రతీ దారిలో లేదు, ఎక్కడ దొరుకుతుందో నాకే తెలియదు. లేదని చెప్పడానికి నోరు రాక అలా అన్నాను. అందుకు ముందుగా మీ అందరికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను.

లెక్క ఇదీ. శుభ్రంగా ఉన్న పద్య ప్రతులు తొమ్మిది వచ్చాయి. పాత పుస్తకాల దగ్గర ఏరి తెచ్చినవి అయిదు, అందులో ఒకదానికి పేజీలు లేవు. ఆరు ప్రతులు కళాపూర్ణోదయం పేరుతోనే వచ్చాయి గానీ, లోపల ఒక్క పద్యం లేదు, కథను వచనంగా కుదించి రాసిన పుస్తకం. మిగిలిన నలుగురికి ఇప్పటిదాకా ఏమీ లేదు.

ఈ పుస్తకం పేరెత్తింది నేనే కాబట్టి ఈ బాధ్యత నాదే. ప్రతి నెలా మొదటి ఆదివారం మన షాపు మేడమీద కూర్చుని చదువుకునేవాళ్లు పోయిన ఏడాదంతా ఇంగ్లీషు ఫాంటసీ నవలలే చదివారు. మే నెలలో ఒకమ్మాయి "ఆంటీ, మన తెలుగులో ఇలాంటిది, బాగా పాతది, ఏమీ లేదా?" అని అడిగింది. కొందరు చందమామ సీరియళ్ల పేర్లు చెప్పారు, కొందరు జానపద సినిమాల పేర్లు చెప్పారు. నేను పింగళి సూరన పేరు చెప్పాను. 16వ శతాబ్దంలో, నవల అనే మాట మనకు పరిచయం కావడానికి మూడొందల ఏళ్ల ముందు, నంద్యాల కృష్ణరాజుకి అంకితమిచ్చిన ఎనిమిది ఆశ్వాసాల, అంటే అధ్యాయాల, కావ్యం. అప్పటి కవులు చాలామంది పురాణంలో ఉన్న కథను తీసుకుని పెంచి రాసేవారు. ఈ కథ మాత్రం సూరన సొంతంగా అల్లింది.

ఆ రోజు అయిదు నిమిషాలు కథ చెప్పాను. ద్వారకలో కలభాషిణి అనే పిల్ల చెలికత్తెలతో ఉయ్యాలలూగుతుంటుంది. పైన ఆకాశంలో నారదుడు, ఆయన శిష్యుడు మణికంధరుడు వెళ్తున్నారు. అదే దారిన రంభ, నలకూబరుడు విమానంలో వస్తారు. తన అందం మీద రంభకున్న ధీమా నారదుడికి నచ్చదు. ఆయన ఒక మాట అంటాడు. ఆ మాట దగ్గర మొదలై ఒక రంభ ఇద్దరవుతుంది, ఒక నలకూబరుడు ఇద్దరవుతాడు, ఎవరు అసలో ఎవరు మారువేషమో వాళ్లలో వాళ్లకే తెలియదు. సింహాన్నెక్కి ఆకాశంలో తిరిగే మణిస్తంభుడనే సిద్ధుడు వస్తాడు. ఒక జంటలో మగవాడు ఆడదిగా, ఆడది మగవాడిగా మారి బిడ్డను కంటారు. ఉయ్యాలలో పసికందు మణిహారం మెడలో పడగానే పూర్వజన్మ సంగతులు చెప్పడం మొదలుపెడుతుంది. వీటన్నిటి వెనకా బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథ ఒకటుంది. అక్కడ ఆయన చెప్పిందే ఇక్కడ భూమ్మీద మనుషులై నడుస్తుంది.

నేను చెప్పడం ఆపేసరికి ఎవరూ లేవలేదు. కిందికి దిగకముందే పదహారు మంది పుస్తకం కావాలన్నారు. వారంలో ఆ లెక్క 24కి చేరింది. ఆ ఉత్సాహంలో, ఒక్క డీలరుకి కూడా ఫోన్ చేయకుండా డబ్బు పుచ్చుకున్నాను. నేను చేసిన మొదటి తప్పు అది. మా నాన్నగారు షాపు నడిపిన రోజుల్లో పుస్తకం చేతిలో పడందే ధర చెప్పేవారు కాదు.

తొమ్మిది ప్రతులు ఒక చోట స్టాకులో మిగిలినవి. అట్టలు కాస్త వెలిసిపోయాయంతే, లోపల శుభ్రంగా ఉన్నాయి. అవి అయిపోయాక ఎవర్ని అడిగినా "నో స్టాక్" అనే జవాబే. మళ్లీ వేస్తారా అని ప్రచురించేవాళ్లను అడిగితే, వేస్తే వెయ్యి ప్రతులు వేయాలి, ఏడాదికి నలభై కూడా కదలవు అన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. గోడౌన్ అద్దె నేనూ కడుతున్నాను.

వచనం ప్రతుల సంగతి ఎక్కువ బాధపెట్టింది. వేరే ఊరి డీలరు ఒకరు ఆరు ఉన్నాయన్నారు. బిల్లు మీద "కళాపూర్ణోదయం – 6" అని ఉంది. లారీ ఆఫీసు నుంచి కట్ట వచ్చిన రోజు షాపులో రద్దీగా ఉంది. కట్ట విప్పి ఒక్క పేజీ తిప్పి చూడాల్సింది, చూడలేదు. నాలుగు ప్రతులు ఇళ్లకు పంపించేశాను. జులై సమావేశంలో ఒకాయన మొదటి ఆశ్వాసంలో ఉయ్యాల పద్యం చదువుతుంటే, పక్కావిడ తన పుస్తకంలో ఆ చోటు ఎంత వెతికినా దొరకక, తనకే అర్థం కావడంలేదేమో అనుకుని మాట్లాడకుండా కూర్చున్నారు. వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర నాకు మెల్లగా చెప్పారు. అమ్మినదాన్ని నేను. ఆవిడ ఎందుకు సిగ్గుపడాలి? ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

వచనంగా చెప్పడం చెడ్డపనేం కాదు. కథ ముడులు ముందుగా తెలుసుకోవడానికి పనికొస్తుంది కూడా. కానీ ఈ కావ్యంలో ఎవరు ఎవరితో ఏ మాట ఏ తీరున అన్నారన్నదే కథకు ప్రాణం. కుదించేటప్పుడు ముందుగా పోయేవి ఆ మాటలే. సుగాత్రీ శాలీనుల కథ చూడండి. అలంకరించుకుని పడకగదికి వచ్చిన భార్య ఎదుట బిగుసుకుపోయే శాలీనుడు, తోటలో వానకు తడుస్తూ పనిచేసుకునే చోట ఆమెకు దగ్గరవుతాడు. వచనంలో అది నాలుగు వాక్యాలైపోయింది. పద్యాల్లో చదివితే ఆ ఇద్దరి మొహమాటం మనకే తగులుతుంది. అందుకే వచనం అందినవాళ్లకి "ఇదీ అదే కదా, సర్దుకోండి" అని చెప్పదలచుకోలేదు.

పాత ప్రతులకోసం నాలుగు ఆదివారాలు తిరిగాను. మన విజయవాడ లెనిన్ సెంటర్‌లో రెండు దొరికాయి, హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠిలో ఒకటి, అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద ఒకటి. అయిదోది, పోయిన సంవత్సరం కాలం చేసిన ఒక తెలుగు మాస్టారి ఇంట్లోంచి వాళ్లబ్బాయి తెచ్చి ఇచ్చారు. దాని నిండా సన్నటి పెన్సిలు రాతతో అర్థాలు, ఛందస్సు గుర్తులు ఉన్నాయి. ఆ ప్రతి ఎవరికి వెళ్లినా దయచేసి ఆ రాత చెరపకండి.

లోపమున్న ప్రతి కోఠిలో కొన్నది. పాత పుస్తకాలను పదహారేసి పేజీల ఫారాలుగా మడిచి కుట్టేవారు. కుట్టు తెగితే ఒక కాగితం ఊడి ఊరుకోదు, ఫారం మొత్తం జారిపోతుంది. వేరే కావ్యమైతే పదహారు పేజీలు లేకపోయినా వర్ణనలు పోయాయని సరిపెట్టుకోవచ్చు. ఇందులో ముందెక్కడో పడిన ముడి చాలా దూరం వెళ్లాక గానీ విప్పుకోదు కాబట్టి, మధ్యలో ఆ పేజీలు లేకపోతే చివర ఎవరు ఎవరో తెలియదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అక్కడి పాత ముద్రణ నుంచి ఆ భాగం ప్రింటు తీసి, కొలతకు కత్తిరించి, మన బైండరు చేత లోపల కుట్టించాను. కాగితం రంగు తేడా కనిపిస్తుంది, పాఠం మాత్రం పూర్తిగా ఉంది.

మిగిలినవాళ్లకోసం ఆన్‌లైన్‌లో అడిగినప్పుడల్లా అచ్చువేసి పంపే పుస్తకం ఒకటి నమూనాగా 900 రూపాయలు పెట్టి తెప్పించాను. ఎవరో చేసిన స్కానునే అలాగే అచ్చువేశారు. కొన్ని పేజీలు వాలిపోయాయి, కొన్నిచోట్ల పద్యం చివరి పాదం కోతలో పోయింది, ఒక పేజీ మీద స్కాన్ చేసినవాళ్ల బొటనవేలు అచ్చయింది. అది మన షాపులో అమ్మను. షాపుకి వచ్చి చూస్తానంటే చూపిస్తాను, ఇలాంటివి కొనేముందు తెలుస్తుంది.

వ్యాఖ్యానం ఉన్న పుస్తకం ఒకటి తీసుకుని అందరికీ జిరాక్స్ తీసివ్వమని ఇద్దరు ముగ్గురు అడిగారు. నాకూ అది సులువే. కానీ చేయను. సూరన పద్యాలు ఎవరి సొత్తూ కావు, ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. వాటికి ఈమధ్య కాలంలో ఎవరో కూర్చుని రాసిన టీక, తాత్పర్యం అలా కాదు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లదాకా హక్కులు వాళ్ల వారసులవి. పుస్తకాలమ్మి బతికేదాన్ని, ఇంకొకరి పుస్తకాన్ని జిరాక్స్ మిషన్ మీద పెట్టలేను. కట్టమంచి రామలింగారెడ్డిగారి విమర్శ గ్రంథం కవిత్వతత్త్వ విచారము సంగతి వేరు. 1914లో వచ్చిన పుస్తకం, కళాపూర్ణోదయం మీద అంత పట్టుదలగా తర్కించింది ఇంకొకటి నేను చదవలేదు. ఆయన 1951లో పోయారు, కాబట్టి దానికి 60 ఏళ్ల గడువు 2011తో ముగిసింది. కావలసిన అధ్యాయాలు కాగితం ఖర్చుకే తీసిస్తాను. ఆయన అభిప్రాయాలన్నీ మీకు నచ్చక్కర్లేదు, నాకూ నచ్చవు, కానీ ఆయనతో వాదించుకుంటూ చదివితే కావ్యం బాగా తలకెక్కుతుంది.

ఇక నేను చేస్తున్న పని. పాత ముద్రణ నుంచి మూలాన్ని కొత్తగా డీటీపీ చేయిస్తున్నాను. ఎనిమిది ఆశ్వాసాలూ ఒకేసారి తేవడం నా శక్తికి మించిన పని, అందుకని రెండేసి ఆశ్వాసాల చొప్పున నాలుగు చిన్న పుస్తకాలు. స్కాను నుంచి అక్షరాలను కంప్యూటరే చదివేస్తుందని మొదట ఆశపడ్డాను. పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు చూసి అది తడబడింది, ఒత్తులు తారుమారు చేసింది. చివరికి మన షాపులో డీటీపీ చేసే అమ్మాయే మొత్తం టైపు చేస్తోంది. రిటైరైన తెలుగు మాస్టారొకరు రోజూ సాయంత్రం వచ్చి ప్రూఫులు దిద్దుతున్నారు. డబ్బు తీసుకోనంటున్నారు, నేను ఒప్పుకోలేదు.

పద్యాన్ని పద్యంగానే ఉంచి, కింద చిన్న అక్షరాల్లో సంధులు విడదీసిన పాఠం ఇస్తున్నాం. పాత పుస్తకం తెరవగానే చాలామంది భయపడేది పదాలు ఎక్కడ విరగాలో తెలియకే. విడదీసి చూపిస్తే సగం పద్యాలు వాటంతట అవే అర్థమవుతాయి. మరీ కష్టమైన మాటలకు పేజీ అడుగున అర్థాలు మాస్టారే సొంతంగా రాస్తున్నారు. మొదటి పుస్తకం ఏడు ఫారాలు, అంటే 112 పేజీలు వస్తుంది. 50 ప్రతులు వేయిస్తున్నాను. ధర 120.

వచనం ప్రతి అందినవాళ్లు, అందవలసినవాళ్లు ఆరుగురు, అసలేమీ అందనివాళ్లు నలుగురు, మొత్తం పదిమందికి ఈ నాలుగు పుస్తకాలూ మీరు కట్టిన 350లోనే వస్తాయి. పైన అయ్యేది నేను భరిస్తాను. వద్దు, డబ్బే కావాలంటే షాపు వాట్సాప్‌కి ఒక్క మెసేజ్ పెట్టండి, అదే రోజు మొత్తం 350 వెనక్కి పంపుతాను, కారణం అడగను. పాత ప్రతులు తీసుకునే అయిదుగురికి 200 చొప్పున లెక్కవేసి 150 తిరిగి ఇస్తున్నాను. వాటిలో ఒకదానికి నేను అంతకంటే చాలా ఎక్కువే పెట్టాను గానీ, నలిగిన పుస్తకానికి కొత్త పుస్తకం ధర పుచ్చుకోవడం నాకు ఇష్టంలేదు. తొమ్మిది మంచి ప్రతులు ఎవరు ముందు కట్టారో ఆ వరసలోనే ఇచ్చాను, రసీదు పుస్తకం షాపులో ఉంది, చూసుకోవచ్చు.

ఇన్ని రకాల ప్రతులతో ఒకచోట కూర్చుని చదవడం ఎలా అని అడిగారు. పేజీ నంబర్లు మరచిపోండి. ఆశ్వాసం, పద్యం నంబరు చెప్పుకుందాం, పాతకాలపు పండితులు చెప్పుకున్నట్టే. నా దగ్గరున్న ముద్రణల్లో ఆ అంకెలు కూడా ఒకటి రెండు అటూ ఇటూ అవుతున్నాయి, కాబట్టి పద్యం మొదటి మాట కూడా కలిపి చెబితే అందరికీ దొరుకుతుంది.

డాలస్ నుంచి వాళ్ల పిల్లలకోసం అడిగిన ఇద్దరికీ ఒక మాట. తెలుగు చదవడం రాని పిల్లలకు వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్ల ఇంగ్లీషు అనువాదం ఉంది, 'ది సౌండ్ ఆఫ్ ది కిస్' అనే పేరుతో 2002లో కొలంబియా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. అది మీకు అక్కడే తేలిగ్గా దొరుకుతుంది, నా దగ్గర కొని కొరియర్ ఖర్చులు పెట్టుకోకండి. శృంగారం దాచకుండా ఉన్న కావ్యం కాబట్టి పిల్లల వయసు చూసుకుని మీరు ముందు చదవండి.

మొదటి పుస్తకం ప్రూఫులు ఈ వారంతో అయిపోతాయి. సెప్టెంబరు మొదటి ఆదివారానికి ప్రతులు షాపులో ఉంటాయి. ప్రెస్‌కి సగం డబ్బు కట్టి, తారీఖు రాయించుకున్న కాగితం చేతికొచ్చాకే ఈ మాట చెబుతున్నాను. ఆ రోజు సాయంత్రం నాలుగింటి నుంచి నేను మేడమీదే ఉంటాను. వచనం పుస్తకాలు తీసుకెళ్లిన నలుగురూ వాటిని కూడా వెంట తెచ్చుకోండి, అవి మీవే. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడెక్కడ ఏ పద్యాలు వదిలేశారో ఉయ్యాల దగ్గర నుంచి మొదలుపెట్టి చూద్దాం.