మాకు యునెస్కో బోర్డు వద్దు సార్, యునెస్కో అడిగే రిపోర్టు కావాలి

రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మా నెల్లూరు, ప్రకాశం వైపు ఎవరికి మైకు దొరికినా ఉదయగిరి కోటకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు తెస్తామనో, భైరవకోన గుహాలయాలను ప్రపంచ పటంలో పెడతామనో అనేస్తారు. వినేవాళ్లం మేమూ చప్పట్లు కొడతాం. తెలంగాణ రామప్ప గుడికి 2021లో వచ్చింది, మన రాష్ట్రానికి ఒక్కటీ లేదు, లేపాక్షి 2022 నుంచి, నామినేషన్‌కు ముందు ఉండే తాత్కాలిక జాబితాలోనే ఉంది, కాబట్టి ఆ ఆశలో తప్పేం లేదు. కానీ ఆ గుర్తింపు అంటే ఏంటో మీ శాఖలో ఎవరైనా మీకు పూర్తిగా చెప్పారా అని నా అనుమానం.

అది అవార్డు కాదు సార్, ఎప్పటికప్పుడు లెక్క చెప్తామని రాసిచ్చే ఒప్పందం. 1972లో కుదిరింది, మన దేశం 1977లో చేరింది. అందులో 29వ అధికరణం ప్రకారం సంతకం పెట్టిన ప్రతి దేశమూ ఆ ఒప్పందాన్ని ఎలా అమలు చేస్తోందో రిపోర్టు ఇవ్వాలి. ఆరేళ్లకోసారి ఒక్కో ప్రాంతం వంతు వస్తుంది. ఒక భాగంలో దేశం తన చట్టాలు, సిబ్బంది, డబ్బు గురించి చెప్తుంది. రెండో భాగం ఒక్కో కట్టడానికి విడిగా ఉంటుంది, దాన్ని అక్కడ రోజూ ఉండి చూసుకునే అధికారే నింపాలి. చుట్టూ కట్టడాలు పెరిగాయా, నీళ్లు దిగుతున్నాయా, జనం తాకిడి ఎంత, కాపాడే ప్లాను కాగితం మీదే ఉందా అమల్లో ఉందా, ఇలా అడుగుతూనే ఉంటారు. ఆరేళ్ల దాకా ఆగకుండా మధ్యలో ఏదైనా ముప్పు వస్తే ఫలానా తేదీకల్లా పరిస్థితి చెప్పమని ప్రపంచ వారసత్వ కమిటీ విడిగా అడుగుతుంది, అవసరమైతే నిపుణులను పంపుతుంది. ఆ రిపోర్టుల్లో చాలావరకు వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు.

హంపీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. తుంగభద్ర మీద వంతెనల పని మొదలయ్యేసరికి 1999లో దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో పెట్టారు. అప్పటి నుంచి వంతెన ఏమైంది, దుకాణాలు ఏమయ్యాయి, మాస్టర్ ప్లాన్ ఎక్కడిదాకా వచ్చిందని ఏటా అడిగి అడిగి, 2006లో గానీ ఆ ప్రమాద జాబితా నుంచి తీయలేదు. ఆ హంపీలో కృష్ణుడి గుడి ఉంది కదా, అందులో రాయలవారు ప్రతిష్ఠించిన బాలకృష్ణుడు మా ఉదయగిరి నుంచి వెళ్లినవాడే. ఒడిశా గజపతుల చేతిలోని ఉదయగిరి దుర్గాన్ని ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచి, ఆ విగ్రహాన్ని తీసుకెళ్లి 1515లో అక్కడ పెట్టారు. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అది చేరిన గుడికి పగులు వస్తే పారిస్‌లోని యునెస్కో ఆఫీసులో ఫైలు కదులుతుంది. అది బయల్దేరిన కొండ మీద గోడ కూలితే మాకు తెలిసేది ఎవరో పైకెక్కి ఫోన్‌లో ఫోటో తీసి గ్రూపులో పెడితేనే. ఇదేం న్యాయం సార్?

నేనేదో యునెస్కో పద్ధతికి హారతి పడుతున్నానని అనుకోకండి. అందులోనూ లోపాలున్నాయి. దేశం తన గురించి తనే రాసుకునే రిపోర్టు, తన పేపరు తనే దిద్దుకున్నట్టే. పెద్ద దేశాలు లాబీయింగ్ చేసి ప్రమాద జాబితా తప్పించుకున్న సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆ పద్ధతికి పళ్లు కూడా ఉన్నాయి. వంతెన కట్టి తీరతామన్న జర్మనీ డ్రెస్డెన్‌ను 2009లో ప్రపంచ వారసత్వ జాబితా నుంచే తీసేశారు, రేవు ప్రాంతంలో కొత్త నిర్మాణాలు ఆపని లివర్‌పూల్‌ను 2021లో తీసేశారు. రెండూ డబ్బున్న దేశాల ఊళ్లే.

నాకు అందులో బాగా నచ్చింది మాత్రం చిన్న నిబంధన. ప్రభుత్వం కాకుండా ఊరివాళ్లో, పరిశోధకులో ఒక కట్టడం పాడవుతోందని రాస్తే, యునెస్కో కార్యాలయం ఆ ఉత్తరాన్ని సంబంధిత దేశానికి పంపి నిజమేంటో చెప్పమంటుంది. మాకు అదీ లేదు. కొన్ని కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖవి, కొన్ని మీ శాఖవి, కొన్ని దేవాదాయ శాఖవి, ఇంకొన్ని ఎవరివీ కావు. మా పక్క ఊరి పాత గుడి శిల్పాలకు ఎనామిల్ పెయింట్ వేస్తున్నారని ఒక ఆఫీసుకు వెళ్లి చెప్తే మాది కాదన్నారు, ఇంకో ఆఫీసులో రాసి ఇవ్వమన్నారు, రాసిచ్చాం, జవాబు వచ్చేలోపు రంగు ఆరిపోయింది.

లెక్క లేకపోతే ఏమవుతుందో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2013లోనే చెప్పింది. కేంద్ర రక్షణలోని కట్టడాల్లో 1,655 చోట్లకు స్వయంగా వెళ్లి చూస్తే 92 కనిపించలేదు. తర్వాత కొన్నింటి జాడ దొరికిందిలెండి, కానీ కొన్ని ఊళ్ల విస్తరణలో, కొన్ని జలాశయాల్లో కలిసిపోయాయి. 2022లో పార్లమెంటు కమిటీ ముందుకు వచ్చిన లెక్క ప్రకారం 3,693 కట్టడాల్లో కాపలా ఉన్నది 248 చోట్లే. ఇది కేంద్రం సంగతి. రాష్ట్ర జాబితాలో ఉన్నవాటిని ఇలా ఒక్కొక్కటీ వెళ్లి చూసి పబ్లిక్‌గా పెట్టిన కాగితం ఏదైనా ఉంటే దయచేసి లింకు ఇవ్వండి, ఈ ఉత్తరం తీసేస్తాను.

ఉమ్మడి ప్రకాశంలో దొనకొండ దగ్గర చందవరం ఉంది, గుండ్లకమ్మ ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపం. అక్కడి శిల్ప ఫలకం ఒకటి దొంగల చేతుల్లో పడి, సముద్రాలు దాటి, న్యూయార్క్ డీలర్ ద్వారా 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. అది మనదేనని తేలి వాళ్లు తిరిగి ఇచ్చేసరికి 2016. పదకొండేళ్లు పరాయి దేశపు గ్యాలరీలో ఉంది. చందవరంలో ఫలానా రాయి ఫలానా చోట ఉందని ఏటా ఫోటోతో రాసుకునే అలవాటు ఉంటే, పోయిన వారంలోనే తెలిసేది కదా. గుప్తనిధుల పిచ్చిగాళ్లు రాత్రిళ్లు గునపాలు పట్టుకుని తిరిగే జిల్లాలు మావి, ఈ సంగతి మీకు వేరే చెప్పాలా.

ఇంకో తమాషా చెప్తాను. 2020 జూన్‌లో చేజర్ల మండలం పెరుమాళ్లపాడు దగ్గర పెన్నా ఇసుకలో పూడిపోయిన నాగేశ్వరస్వామి గుడిని ఊరి కుర్రాళ్లు తవ్వి బయటపెట్టారు. దేశమంతా వార్త అయింది, అందరూ వచ్చి సెల్ఫీలు దిగారు. సంతోషమే. కానీ ఇసుక కింద ఉన్నదాన్ని వెతికి తీసిన ఊళ్లలోనే, కళ్లెదురుగా ఉన్నది ఎంత పాడైందో చూసే నాథుడు లేడు. పాత నాపరాళ్ల మీద చీమకుర్తి గ్రానైట్ పరిచేస్తే దాన్ని జీర్ణోద్ధరణ అంటున్నాం. గోపురం రాళ్ల సందుల్లో రావి మొక్క మొలిస్తే, పీకేవాడు లేక దానికి పసుపు కుంకుమ పెడుతున్నాం.

అందుకే నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. యునెస్కో ఫారంలో ఉన్న ప్రశ్నలే తెలుగులో పెట్టి, ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లోని ప్రతి రక్షిత కట్టడానికీ ఏడాదికోసారి ఒక రిపోర్టు ఇప్పించండి, ఆన్‌లైన్‌లో పెట్టించండి. అదే చోట నిలబడి తీసిన ఫోటోలు, పగుళ్ల కొలతలు, కింద పడి ఉన్న శిల్పాల లెక్క, చుట్టూ ఆక్రమణ ఎంతవరకు వచ్చిందో. ప్రపంచ జాబితాకు నామినేషన్ వేసే ఫారంలోనే సంరక్షణ స్థితికి ఒక విభాగం, పర్యవేక్షణకు ఇంకో విభాగం ఉన్నాయి సార్, ఇంతకుముందు చేసిన పరిశీలనల ఫలితాలేంటని అందులో అడుగుతారు. రేపు మీరు ఉదయగిరి పేరు పంపాలన్నా అక్కడ రాయడానికి మన దగ్గర ఏముంది?

మొదలు ఎక్కడ అంటే, మనకు అదృష్టవశాత్తూ మంచి ఆధారం ఉంది. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి అనే ఇద్దరు 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను ఊరూరికీ విడివిడిగా మూడు సంపుటాల్లో అచ్చు వేయించారు. ఆ సంపుటాల్లోని నెల్లూరు జిల్లా అంటే ఒంగోలు, కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి అన్నీ అందులోనే. ఆ సంపుటాలు పట్టుకుని ఊరూరా తిరిగి ఏ శాసనం ఉంది, ఏది మెట్టు రాయి అయింది, ఏది పోయింది అని చూస్తే చాలు, నూట ఇరవై ఏళ్ల రిపోర్టు ఒక్కసారిగా తయారవుతుంది. విక్రమసింహపురి, ఆంధ్రకేసరి యూనివర్సిటీల్లో చరిత్ర చదివే పిల్లలకు ప్రాజెక్టు పనిగా ఇవ్వండి, సచివాలయం సిబ్బందిని ఊళ్లో దారి చూపమనండి. దీనికి కోట్లు అక్కర్లేదు, ఒక జీవో చాలు. ఆ జీవోలోనే ఊరివాళ్లు ఫోటోతో ఫిర్యాదు పంపితే ఏ శాఖ కట్టడమైనా ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని ఒక్క వాక్యం చేర్చండి.

ఏటా ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం అని వ్యాసరచన పోటీలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తుంటారు కదా, వచ్చే ఏప్రిల్‌కు అవి ఉన్నా లేకపోయినా ఉదయగిరి రిపోర్టు ఒకటి బయట పెట్టండి. కొండెక్కడానికి, ఫోటోలు తీయడానికి మనుషుల్ని మేం చూసుకుంటాం. దాని మీద సంతకం పెట్టే అధికారి ఎవరో మీరు చెప్పండి.

ఇట్లు,
ఉదయగిరి వైపు నుంచి ఒక ఓటరు