కరెంటు ఉన్నప్పుడే కాలిపోతున్న ఫ్రిజ్‌లు

సంపాదకుడు గారికి,

తిత్లీ తుపాను (2018 అక్టోబర్ 11) తర్వాత ఉద్దానంలో కరెంటు ఎన్ని రోజులు లేదో అందరికీ గుర్తే. కరెంటు ఉండగానే ఇంట్లో సామాను మాడ్చే జబ్బును మాత్రం ఎవరూ లెక్కలో వేయరు. అది న్యూట్రల్ (కరెంటు తిరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరే తీగ) వదులవడం.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే మూడు ఫేజుల్లో (కరెంటు తెచ్చే తీగల్లో) ఒక్కోదానికీ న్యూట్రల్‌కీ మధ్య 240 వోల్టులు, రెండు ఫేజుల మధ్య సుమారు 415. న్యూట్రల్ తెగితే వేర్వేరు ఫేజుల మీది ఇళ్లు సీరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) పడి, ఆ 415 వోల్టులను పంచుకుంటాయి. ఒక ఫేజు మీద 2,000 వాట్లు, మరోదాని మీద 500 వాట్లు నడుస్తూ, మూడోది ఖాళీగా ఉందనుకోండి. మొదటి వైపు 83 వోల్టులు, రెండో వైపు 332 వస్తాయి. పొదుపుగా వాడుకునే ఇంటికే ముందు దెబ్బ! మామూలు స్టెబిలైజర్ అంత వోల్టేజీకి నిలవదు.

గుర్తుపట్టడం తేలికే. పక్కింట్లో మోటారు వేస్తే మన బల్బు వెలుగు తగ్గడం మామూలు లో-వోల్టేజీ. పెరిగితే మాత్రం న్యూట్రల్‌ను అనుమానించాలి. వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయాలి. స్తంభమెక్కి జంపర్ (తీగలను కలిపే ముక్క) సవరించే సాహసం ఎవరూ చేయొద్దు.

బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు ఉప్పుగాలి దీన్ని తొందరపెడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ రాగి, ఇత్తడి కడ్డీలకు అల్యూమినియం తీగను నేరుగా చుట్టి బిగిస్తే, ఉప్పు తేమలో అల్యూమినియం తినేసుకుపోతుంది. అతుకు వేడెక్కి, చల్లారి, నట్టు వదులవుతుంది. అక్కడ బైమెటాలిక్ లగ్గు (ఒకవైపు రాగి, మరోవైపు అల్యూమినియం ఉండే అతుకు) వేయాల్సిందే. న్యూట్రల్‌కు రెండు వేర్వేరు ఎర్త్‌లు ఉండాలన్నది భద్రతా నిబంధన. ఆ ఎర్త్‌ల లోహపు పట్టీలు నేలమట్టం దగ్గర తుప్పుపట్టి తెగినా పైకి కనపడదు. లైను చివరి స్తంభం దగ్గర కూడా న్యూట్రల్‌ను ఎర్త్ చేస్తే, మధ్యలో తెగినా వోల్టేజీ అంతగా గాడి తప్పదు. కాకపోతే ఇసుక నేలలో ఎండాకాలం ఆ ఎర్త్ గుంతలో నీళ్లు పోసేవారుండాలి.

ఇదంతా జరుగుతున్నా సబ్‌స్టేషన్‌లో 11 కేవీ (11 వేల వోల్టుల) ఫీడర్ లైను నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. అంతరాయాల లెక్కలో సున్నా పడుతుంది. సరఫరా బాగుందని ఆ లెక్క చూసి చెప్పడం నాకు సమ్మతం కాదు.

స్మార్ట్ మీటర్లు బిగించిన చోట హెచ్చు, తగ్గు వోల్టేజీ సంఘటనలు సమయంతో సహా నమోదవుతాయి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద, ఒకే నిమిషంలో కొన్ని మీటర్లు హెచ్చు, కొన్ని తగ్గు చూపితే లోపం ఎక్కడో చెప్పేయొచ్చు. స్మార్ట్ మీటర్లు లేని ఊళ్లలో లైను చివరి ఇంట్లో లాగర్ (వోల్టేజీని నమోదు చేసే పరికరం) పెట్టి, వారంపాటు పది నిమిషాల సగటు తీస్తే చాలు. విజయనగరం జేఎన్టీయూ, టెక్కలి కళాశాలల విద్యార్థులకు ఇది మంచి ప్రాజెక్టు. డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) అనుమతిస్తే చాలు. తీర మండలాల్లో లగ్గులు, ఎర్త్‌ల తనిఖీ మాత్రం ఏటా సెప్టెంబర్‌లోపే పూర్తి చేయాలి.

— ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పరిశోధకుడు, శ్రీకాకుళం జిల్లా