రాత్రి మూడు గంటలకు ఒకసారి చూడు, తల్లీ

తెనాలి

చిరంజీవి అమ్మాయికి అమ్మ ఆశీస్సులు.

మూడు రోజులుగా పరగడుపున షుగర్ 210, 195, 228 వచ్చిందనీ, అందుకని రాత్రి వేసుకునే గ్లార్జిన్‌ను, అదే రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్‌ను, ఎవరినీ అడగకుండానే 18 యూనిట్ల నుంచి 22కు పెంచావనీ నిన్న ఫోనులో విన్నప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. కోపంలో చెప్పవలసింది సరిగా చెప్పలేకపోయాను కనుక రాస్తున్నాను. డాక్టరుగారు మళ్లీ 18కే రమ్మన్న సంగతి నీకు మెసేజీ పెట్టాను. ఎందుకో ఇక్కడ వివరిస్తాను.

నీ పన్నెండో ఏట జరిగింది నీకు లీలగా గుర్తుండవచ్చు. అప్పట్లో రాత్రి ఏడు గంటలకు, అన్నానికి ముందు, పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్ వేసేవాళ్లం. పొద్దున్నే 240 కనిపిస్తుంటే మోతాదు చాలడం లేదనుకుని నాన్నగారూ నేనూ రెండు యూనిట్లు పెంచాం. మరునాటి రాత్రి రెండున్నరకు ఎందుకో మెలకువ వచ్చి నీ మీద చెయ్యి వేస్తే ఒళ్లంతా చెమటతో తడిసి ఉంది, లేపితే మాట తడబడింది, మీటరులో 48 చూపించింది. గ్లూకోజు నీళ్లు కొద్దికొద్దిగా తాగించి, పావుగంటకోసారి వేలు గుచ్చి చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నాం. ఆ ఇన్సులిన్ వేసిన నాలుగు గంటల నుంచి పది గంటల లోపు ఎక్కువ బలంగా పనిచేస్తుందనీ, నువ్వు గాఢనిద్రలో ఉండగా దాని బలమంతా వచ్చి తెల్లవారేసరికి తగ్గిపోతోందనీ తరువాత తెలిసింది. మోతాదు సరిపోయిందే, వేళే తప్పింది. పడుకునే ముందు వేయమని డాక్టరుగారు మార్చాక చాలావరకు సర్దుకుంది. ఉదయపు అంకె ఒక్కటే చూసి రాత్రి మోతాదు పెంచకూడదని నేను ఆ రాత్రే నేర్చుకున్నాను.

తెల్లవారుజామున, సుమారు మూడు నుంచి ఎనిమిది గంటల మధ్య, శరీరం మేలుకోవడానికి సిద్ధపడుతూ కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ వంటివి ఎక్కువగా విడుదల చేస్తుంది. వాటి ప్రభావంతో కాలేయం తాను దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. మధుమేహం లేనివారికి క్లోమం ఆ వేళకు తగినంత ఇన్సులిన్ ఇచ్చి సరిచేస్తుంది, నీకు మాత్రం రాత్రి వేసుకున్న సూదే ఆధారం. ఎదిగే వయసులో ఇది మరింత ఎక్కువగా ఉంటుంది. రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పెరుగుతుంది కనుక దయచేసి అన్నం మానెయ్యకు, అది నీ తప్పు అని కుమిలిపోకు.

అయితే నీ విషయంలో కారణం అదేనో కాదో రాత్రి మూడు గంటలకు చూస్తేగాని తెలియదు. అప్పుడు 70 కంటే తక్కువ ఉంటే రాత్రి మోతాదు ఎక్కువవుతోందని అర్థం, పెంచడం ప్రమాదం. మూడింటికి బాగుండి ఆరింటికి పెరిగితే తెల్లవారుజాము పెరుగుదలే. పడుకునేటప్పుడే 200 దాటి ఉండి తెల్లవార్లూ అలాగే ఉంటే మీ మెస్సులో తొమ్మిదిన్నరకు పెట్టే అన్నం సంగతి, దానికి ముందు వేసుకునే సూది సంగతి చూడాలి. బిర్యానీ తిన్న రోజున నూనె వల్ల షుగర్ ఆలస్యంగా, అర్ధరాత్రి దాటాక కూడా పెరుగుతుంది. ఇంకో రెండు అనుమానాలు కూడా ఉన్నాయి. హాస్టల్ ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెన్ను ఐస్ పెట్టె పక్కన పెట్టి ఉంటే, ఒక్కసారి గడ్డకట్టినా ఆ ఇన్సులిన్ పనికిరాదు, పారెయ్యాలి. ఎప్పుడూ పొట్టకు కుడివైపే గుచ్చుకునే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. అక్కడ వేళ్లతో తడిమి చూడు, గట్టిగా గడ్డలా తగిలితే ఆ చోటు వదిలెయ్యి, అక్కడ వేసిన మందు ఒకరోజు ఒకలా ఒంటికి పడుతుంది. చోటు మార్చాక అదే మోతాదు ఎక్కువగా పనిచేయవచ్చు కనుక ఆ మాట కూడా డాక్టరుగారికి చెప్పు.

స్ట్రిప్పుల డబ్బా ఒకటి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. మూడు రాత్రులు అలారం పెట్టుకుని పడుకునేటప్పుడు, మూడింటికి, లేవగానే చూసి, రాత్రి ఏం తిన్నావో పక్కన రాసిపెట్టు. గ్లూకోజు పొడి, నీళ్లు దిండు పక్కనే ఉంచుకో. 70 కంటే తగ్గితే మూడు చెంచాలు కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూడు. గదిలో ఉండే అమ్మాయికి ముందే చెప్పి ఉంచు. వాంతులు, కడుపునొప్పితో షుగర్ 250 దాటితే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు, ఉన్నాయేమో చూపించుకోవాలి.

నాలుగో రోజు ఉదయం ఆ కాగితం ఫొటో తీసి డాక్టరుగారికి, నాకు పంపు. 18 మార్చాలో, వేళ మార్చాలో ఆయన అది చూసి చెబుతానన్నారు.

మీ అమ్మ