సెక్రెటరీ అయిన మల్లిగానికి

నల్గొండ,
ఆదివారం

అరేయ్ మల్లిగా,

పాలమూరుల మీ అపార్ట్‌మెంటోళ్లు నిన్ను సెక్రెటరీని చేసిండ్రన్న సంగతి, నువ్వు లిఫ్టు పక్కన అంటించిన జరిమానాల పట్టీ ఫొటో ఒక్కపాలే వచ్చినయి. చెత్త బయట పెడితే 500, మెయింటెనెన్స్ లేటైతే రోజుకు 50, కుక్కను సాదితే నెలకు వెయ్యి. కింద సంతకం నీదొక్కనిదే. జర ఆ కాయితం ఇయ్యాల్నే పీకెయ్. కోపానికి రాకు, ఎందుకో చెప్త.

జరిమానా వెయ్యాల్నంటే ఆ అధికారం ముందుగాల మీ సంఘం నియమాల పుస్తకంల, అంటే బైలాస్‌ల ఉండాలె. మీది 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘమే గద. రిజిస్ట్రార్ ఆఫీసుల ఇచ్చిన బైలాస్ పాత సెక్రెటరీ బీరువాల దొరకకపోతే సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టు. అండ్ల జరిమానా ముచ్చటే లేకుంటే కమిటీ ఎంత రాసుకున్నా ఎవరన్న గట్టిగ అడిగిననాడు నిలవడది. గప్పుడు బైలాస్ సవరించుకోవాలె. జనరల్ బాడీ, అంటే అందరు మెంబర్ల మీటింగు, నోటీసులనే సవరణను మాటకు మాట అచ్చేసి, బైలాస్ చెప్పినన్ని రోజుల ముందు అందరికిచ్చి, కావల్సిన మెజారిటీతోని తీర్మానం చేసి, రిజిస్ట్రార్ కాడ ఫైల్ చెయ్యాలె. ఎజెండాల చివర "ఇతర విషయాలు" కింద దూర్చి చప్పట్లతోని పాస్ చేపిస్తరు చూడు, గదే పెద్ద తప్పు. రానోడు "నాకు తెల్వనే తెల్వది" అంటే నీ కాడ జవాబుండది.

ఇగ రోజుకు 50 సంగతి. మీ మెయింటెనెన్స్ నెలకు 1,500. రోజుకు 50 అంటే నెలకు మల్ల 1,500, అసలుకు అసలు. ఎదుటోని వకీలు కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ తీస్తడు. రాసుకున్న మొత్తం పైహద్దు మాత్రమే, కోర్టు ఇప్పించేది న్యాయమనిపించినంతే. అదే ఏడాదికి 18 శాతం సాదా వడ్డీ అనుకో, 1,500 మీద నెలకు 22 రూపాయల 50 పైసలు. లెక్క రాసెటోనికి తలనొప్పి అనుకుంటే 10వ తారీఖు దాటినంక నెలకు 50 అని ఒక్కటే మాట పెట్టుకోండ్రి. చిన్నగుంటె గులుగుకుంటనన్న కడ్తరు. పెద్దగుంటె అసలు కూడ ఆపుతరు, వాచ్‌మన్ జీతం కాడ నువ్వు చేతులు నలుపుకుంటవ్.

రసీదు పుస్తకంల జరిమానాకు వేరే పద్దు తియ్యి. ఒకాయన ఫోన్‌పేల 1,500 పంపి "జూన్ మెయింటెనెన్స్" అని రాస్తడు. నువ్వు అండ్ల 500 చెత్త జరిమానా కింద కోసుకొని, వెయ్యే జమ రాసి, ఆయనను బాకీదారుల్ల కలుపుతవ్. చెల్లది. ఫలానా బాకీకని చెప్పి పైసలిస్తే, తీసుకున్నోడు దానికే జమ చెయ్యాలె, ఇది అదే కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్. ఏమీ చెప్పకుంట పంపితేనే నీ ఇష్టం. లెక్కల కాడ లొల్లి చానవరకు ఈడనే మొదలైతది.

నోటీసంటే "మీరు నియమాలు పాటిస్తలేరు" అని రాసుడు కాదు. గిట్ల రాయి: "14వ తారీఖు రాత్రి 10.40కి 302 ఫ్లాటు ముందు కారిడార్ల రెండు చెత్త సంచులున్నయి. ఫొటో జతచేసినం. ఇది బైలా నంబరు ఫలానాకు విరుద్ధం. 7 రోజుల్ల రాతల గాని, కమిటీ ముందటికొచ్చి గాని మీ మాట చెప్పండ్రి." మొదటిసారి హెచ్చరికతోని వదిలెయ్, అది కూడ మినిట్స్‌ల ఎక్కియ్యి. రెండోసారికి ఆయన చెప్పింది విని, ఎందుకు ఒప్పుకోలేదో ఒక వాక్యం రాసి, గప్పుడు జరిమానా. ఫిర్యాదు చేసినోడు కమిటీ మెంబరైతే ఆ పూట పక్కకు కూసోవాలె. వాచ్‌మన్‌ను మాత్రం సాక్షిని చెయ్యకురా. పండుగకు ఫ్లాట్లోళ్లిచ్చే బట్టల మీద ఉన్నోడు, పొద్దున లేస్తే వాళ్ల మొఖమే చూడాలె.

కిరాయిదారు మీ సంఘంల మెంబరు కాదు. నోటీసు ఓనరుకు పోవాలె, కాపీ కిరాయిదారుకు. ఓనరు హైదరాబాదుల ఉన్నా, దుబాయిల ఉన్నా, రిజిస్టరుల ఉన్న అడ్రసుకు అందిన రుజువుండేటట్టు స్పీడ్ పోస్టుల పంపు. బైలాస్‌ల ఈమెయిలు, వాట్సాప్ కూడ చెల్లుతయని రాసుకుంటే ఈ తిప్పలు తగ్గుతయి.

కుక్క మీద వెయ్యి కొట్టెయ్. కుక్కను సాదుకునుడును సంఘం ఆపరాదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లనే చెప్పింది. లిఫ్టుల పాడుచేసి తుడవకపోతే అడుగు, అది అడగతగ్గదే. సప్పుడుకు రాత్రి 10 నుంచి పొద్దున 6 అన్న గీత చట్టంలనే ఉన్నది, నువ్వు కొత్తది కనిపెట్టకు. బతుకమ్మ తొమ్మిది రోజులు సెల్లార్ల ఆడుకునేందుకు ముందే టైం రాసుకోండ్రి, లేకుంటే ఆడోళ్లందరితోని నువ్వే తిట్లు తింటవ్.

నీళ్లు బందువెట్టుడు, కరెంటు ఫ్యూజు పీకుడు, బండి గాలి తీసుడు, ఈ మూడు కలల కూడ వద్దు. కట్టనోని మీద పోవాల్సిన కేసు తిరిగి నీ మీదికొస్తది. నోటీసు బోర్డు మీద ఫ్లాటు నంబరు, బాకీ అంకె పెడితే సాలు. "ఎగవేతదారు" అని పేరు రాస్తే పరువు నష్టం అంటరు.

వసూలుకు మూడేండ్ల గడువున్నది, మర్చిపోకు. ప్రతి మార్చిల బాకీ చీటీ మీద సంతకం తీసుకో. గడువు దాటకముందు బాకీ ఒప్పుకొని రాతల సంతకం పెడితే ఆ తారీఖు నుంచి మల్ల మూడేండ్లు. మొండికేస్తే సీదా దావాకు ఉరకకు. జిల్లా కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ కాడ, కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టు. కోర్టు ఫీజుండది, రాజీ కుదిరితే అది డిక్రీతోని, అంటే కోర్టు తీర్పుతోని సమానం, మీద అప్పీలు లేదు. వాడు రాజీకి రాకపోతే గప్పుడు దావా చూద్దం.

ఆఖరికొకటి. పార్కింగుల మీ బామ్మర్ది కారు అడ్డం ఉంటదంటివి గద. మొదటి నోటీసు 204కు, ఆయనకే ఇయ్యి.

బైలాస్‌ల జరిమానా పేజీ ఉంటే ఫొటో పంపు, సవరణ నేనే రాసిపెడ్త. దసరాకు వచ్చేటప్పుడు బాలానగర్ సీతాఫలాలు ఒక గంప తే, పండినయి కాదు, దోరయి.

నీ
యాదిగాడు