ఇంగ్లీషు వాక్యం కట్టే తీరు తెలుగులో చెప్పనివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మా జిల్లాలో తొమ్మిదో తరగతి పిల్లల ఇంగ్లీషు నోటు పుస్తకాలు ఏవైనా నాలుగు తీసి చూడండి. మాటలు తెలుసు, స్పెల్లింగులు కూడా చాలావరకు వచ్చు. సొంతంగా మూడు వాక్యాలు రాయమంటే మాత్రం పెన్ను కదలదు. కదిలినా ‘ఐ నెల్లూరు గోయింగ్’, ‘మై బ్రదర్ డాక్టర్’, ‘వేర్ యు ఆర్ గోయింగ్’ అని వస్తుంది. చదవలేదనీ, బుర్ర లేదనీ తిట్టి ఎర్రసిరాతో కొట్టేస్తారు. కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే నాకు ఆ వాక్యాల్లో తప్పు కన్నా ముందు తెలుగు కనబడుతుంది. తెలుగు వాక్యాన్ని చెక్కుచెదరకుండా ఉంచి, అందులో ఇంగ్లీషు మాటలు పెట్టారు ఆ పిల్లలు. ఇంగ్లీషు వాక్యం కట్టే తీరు వేరని వాళ్లకు అర్థమయ్యే భాషలో ఎవరూ విడమరిచి చెప్పలేదు. నా బాధంతా అదే.

‘పులి ఎలుగుబంటిని చంపింది’ అన్నా, ‘ఎలుగుబంటిని పులి చంపింది’ అన్నా చచ్చింది ఎలుగుబంటే. ఎవరు ఎవర్ని చంపారో ఆ ‘ని’ చెప్పేస్తుంది కాబట్టి మాటలు ముందూ వెనకా అయినా ఇబ్బంది లేదు. అదే ‘ది టైగర్ కిల్డ్ ది బేర్’ అన్న వాక్యంలో ఆ రెంటినీ అటూ ఇటూ మారిస్తే పులి చస్తుంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో నామవాచకాల చివర మన విభక్తుల్లాంటి ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో అవి అరిగిపోయాయి. వాటి పని మాట ఉండే చోటు మీద పడింది. ఈ సంగతి ఏడో తరగతిలో చెబితే పిల్లలు కథ విన్నట్టు వింటారు. కర్త, క్రియ, కర్మ వరసను ఎందుకు కదపకూడదో ఆ తర్వాత మళ్లీ చెప్పే పని ఉండదు.

మన ‘వచ్చాను’లో నేను ఉన్నాను, ‘వచ్చారు’లో వాళ్లున్నారు. ఇంగ్లీషు ‘కేమ్’ ఎవరొచ్చినా ఒకటే. అందుకే అక్కడ కర్తను పైకి చెప్పి తీరాలి. వాన పడుతుందనడానికి కూడా ముందు ఒక ‘ఇట్’ పెట్టాలి. అలాగే ‘మా అన్న డాక్టరు’ మనకు నిండు వాక్యం, ఇంగ్లీషులో ‘ఈజ్’ లేకపోతే నిలబడదు.

అసలు చిక్కు పొడుగు వాక్యాల దగ్గర వస్తుంది. ‘సంతలో మా నాన్న కొన్న గేదె’ అంటాం. వివరమంతా ముందు చెప్పి, గేదెను చివర తెస్తాం. ఇంగ్లీషులో గేదె ముందుకొస్తుంది. దాని వెనక ‘దట్’, ఆ వెనక నాన్న, కొనడం, చివరికి సంత: ‘ది బఫెలో దట్ మై ఫాదర్ బాట్ ఇన్ ది మార్కెట్’. సంత వెనక ఉన్న ‘లో’ కూడా ‘ఇన్’ అయి సంతకు ముందుకు పోయింది. మా బడిలో ఒక అమ్మాయి ఇది బోర్డు మీద చూసి, “ఏంది సార్, తోక కాణ్ణించి మొదలుపెట్టాలా?” అంది. ఆ పిల్ల పట్టుకున్నదే అసలు కిటుకు. తెలుగులో చివరన ఉన్న నామవాచకాన్ని ముందు రాసుకుని, దాని వివరం తర్వాత చెప్పడం అలవాటైతే, సైన్సు, సోషల్ పుస్తకాల్లోని బారెడు వాక్యాలను కూడా పిల్లలు తమంతట తామే విప్పుకుంటారు. పాఠం తెలుగులో చెబితే ఇట్టే అర్థం చేసుకునే పిల్లలు ఇంగ్లీషు ప్రశ్నలో ఏ మాట దేనికి చెందుతుందో తేల్చుకోలేక మార్కులు పోగొట్టుకుంటుంటే కడుపు తరుక్కుపోతుంది.

ప్రశ్నల సంగతీ ఇంతే. మనకు ప్రశ్నలో మాటల వరస మారదు, ఇంగ్లీషులో ‘వేర్ ఆర్ యు గోయింగ్’ అని ‘ఆర్’ వచ్చి ‘యు’కు ముందు చేరుతుంది. కష్టపడి అది నేర్చుకున్న పిల్లవాడు ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి’ అని రాస్తాడు. ‘ఎక్కడున్నాడో తెలియదు’లోని ‘ఓ’ను చూపించి, ఇది అడగడం కాదు గనక వరస ‘వేర్ హి ఈజ్’ అని మామూలుగానే ఉంటుందని చెబితే రెండు నిమిషాల పని.

2020-21 నుంచి మన రాష్ట్రంలో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. మంచి పని. అయితే పిల్లలు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకోవడంతో ఆగిపోతున్నారు. రెండు పేజీల్లోని వాక్యాలను పక్కపక్కన పెట్టి చూపించేవారు తక్కువ.

తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాళ్ల కోసం సి.పి. బ్రౌన్ 1840లోనే వాళ్ల భాషలో తెలుగు వ్యాకరణం రాశాడు. ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1985లో మాజీ ఐ.సి.ఎస్. అధికారి జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అందించారు. మన భాష నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు వాళ్ల భాషలో వివరం దొరికింది. వాళ్ల భాష నేర్చుకునే మన పిల్లలకు మన భాషలో వివరం ఎందుకు దొరకకూడదు?

ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు మాట వినబడితే జరిమానా వేసే బడులున్నాయి. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే చెప్పాలనే వాదనలో కొంత నిజముంది. చిన్న తరగతుల్లో వినడం, మాట్లాడటం అలాగే రావాలి. రోజంతా ఇంగ్లీషు చెవిన పడే ఇళ్లలో పిల్లలకు నేను చెప్పే వివరం అక్కర్లేకపోవచ్చు కూడా. ఉదయగిరి, కనిగిరి వైపు పల్లెల్లో ఇంగ్లీషు వినబడేది ఆ ఒక్క పీరియడ్‌లోనే. విని విని అలవాటు కావడానికి ఆ కాస్త సమయం చాలదు. తలలో ఉన్న తెలుగును ఆసరా చేసుకోవడం తప్ప ఆ పిల్లలకు దగ్గర దారి లేదు.

ఉపాధ్యాయ శిక్షణ సంస్థలైన పల్లిపాడు, మైనంపాడు డైట్‌లలో ఇచ్చే శిక్షణలో తెలుగు, ఇంగ్లీషు టీచర్లను ఒకచోట కూర్చోబెట్టాలని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను. విభక్తులు, అసమాపక క్రియలు నేను చెప్పే వారమే, వాటి పని ఇంగ్లీషులో ఎలా జరుగుతుందో పక్క పీరియడ్‌లో చెబితే పిల్లలకు రెండు వ్యాకరణాలూ వంటబడతాయి. దీనికి కొత్త పోస్టులు అక్కర్లేదు, పెద్దగా డబ్బూ అక్కర్లేదు.

మీ పత్రికకూ ఒక మనవి. జిల్లా పేజీలో వారానికొకసారి ఒక తెలుగు వాక్యం, దాని ఇంగ్లీషు రూపం, ఏ మాట ఎక్కడికి, ఎందుకు కదిలిందో నాలుగు ముక్కల్లో వేయండి. వాక్యాలు మా బడి పిల్లల చేత రాయించి పంపే పూచీ నాది.

భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా