హెలెనా తొలినుంచీ రాణి కాదు

సంపాదకులకు,

రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ తల్లి అయిన పునీత హెలెనాను తొలినుంచీ రాణిగానే చిత్రించడం సమంజసం కాదు. ఆమె సత్రంలో పనిచేసేదని మిలాన్ బిషప్ అంబ్రోస్ 395లో చెప్పాడు. కాన్‌స్టాంటైన్ తండ్రి కాన్‌స్టాంటియస్ రాజకీయ ప్రయోజనం కోసం ఆమెను విడిచి థియొడోరాను పెళ్లాడగా, కుమారుడు అధికారంలోకి వచ్చాకే ఆమెకు ‘అగస్టా’ (సామ్రాజ్ఞి) బిరుదు దక్కింది. వృద్ధాప్యంలో పాలస్తీనా యాత్ర చేసి, బేత్లెహేములోను, ఒలీవల కొండపైన చర్చిలు నెలకొల్పిందని సమకాలికుడైన చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు గాని, ఆమె యేసు సిలువను కనుగొన్నట్లు ఎక్కడా చెప్పలేదు. ఆ కథ తరువాతి తరం వారిది. అయినా చిత్రకారులు ఆమె చేతిలో సిలువనే ఉంచారు (సత్రం చీపురు వారికి నచ్చి ఉండదు). కాథలిక్కులు ఆగస్టు 18న, ఆర్థడాక్స్ క్రైస్తవులు కుమారునితో కలిపి మే 21న ఆమె పండుగ జరుపుకుంటారు.

– ఒక పాఠకుడు