ప్రైజ్ మనీ పక్కనే పన్ను కూడా తెర మీద చూపించండి

సంపాదకులకు నమస్కారం.

టీవీ షోలో గెలిచిన డబ్బుకి, కారుకి, నగకి ఇన్‌కమ్ టాక్స్ పడుతుందా అని జనం అడుగుతూనే ఉంటారు. పడుతుంది, అదీ మామూలు శ్లాబులతో, అంటే ఆదాయాన్ని బట్టి మారే రేట్లతో, పని లేకుండా నేరుగా 30 శాతం. ఈ ముక్క షో జరుగుతున్నప్పుడు మన చానళ్లలో ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తోంది, అందుకే ఈ ఉత్తరం. తెర నిండా "1 కోటి" అని వేసి, పాట పెట్టి, రంగు కాగితాలు ఎగరేసి, గెలిచిన మనిషి తల్లిదండ్రుల కన్నీళ్లు దగ్గరగా చూపించేవాళ్లకి, కింద "పన్ను పోగా చేతికి వచ్చేది ఇంత" అని ఒక్క లైను వేయడానికి ఏం అడ్డం వచ్చింది?

నేను తెలిసినవాళ్లకి రిటర్నులు నింపి పెడుతుంటాను. ఈ బహుమతుల ప్రశ్న వచ్చినప్పుడల్లా ఎదుటి మనిషి మొహంలో కనిపించేది ఒకటే, ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది కదా అని.

ఇది కొత్త రూలేం కాదు. కౌన్ బనేగా కరోడ్‌పతి 2000 జులైలో మొదలైంది, ఆ మరుసటి ఏడాదే, 2001 ఫైనాన్స్ చట్టంలో, ఆదాయపు పన్ను చట్టానికి ఒక వివరణ చేర్చారు. లాటరీలు, గుర్రప్పందేలు, పేకాట లాంటి ఆటల్లో గెలిచిన సొమ్ము అంతకు ముందు నుంచే ఆదాయం కింద లెక్క. టీవీలో జనం పోటీ పడి బహుమతులు గెలిచే గేమ్ షోలు, వినోద కార్యక్రమాలు కూడా ఆ "ఆటల్లోకే" వస్తాయని అప్పుడు స్పష్టంగా రాశారు. అంతకు ముందు 40 శాతంగా ఉన్న రేటును అదే చట్టంలో 30 శాతానికి తగ్గించారు. తెలుగులో మీలో ఎవరు కోటీశ్వరుడు 2014లో వచ్చేనాటికే ఈ రూలు పాతబడిపోయింది. అంటే ఇన్నేళ్లుగా తెలుగు తెర మీద ప్రకటించిన ప్రతి పెద్ద మొత్తం వెనకా ఈ పన్ను ఉంది.

సరే, 1 కోటి లెక్కే చూద్దాం. చానల్ వాళ్లు ముందు 30 లక్షలు టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కింద పట్టుకుని 70 లక్షలు ఇస్తారు. గెలిచినవాళ్లు పన్ను అయిపోయిందనుకుంటారు, చుట్టాలు కూడా అలాగే అనుకుంటారు, అప్పులు తీర్చేస్తారు, ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. కానీ ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మీద 10 శాతం సర్‌ఛార్జ్ ఉంది, అంటే ఇంకో 3 లక్షలు, ఆ మొత్తం 33 లక్షల మీద 4 శాతం సెస్, అంటే ఇంకో 1 లక్ష 32 వేలు. మొత్తం పన్ను 34 లక్షల 32 వేలు. మన దేశంలో ఉండేవాళ్ల బహుమతి మీద టీడీఎస్ కోసేటప్పుడు ఈ సర్‌ఛార్జ్, సెస్ కలపరు కాబట్టి ఆ మిగతా 4 లక్షల 32 వేలు గెలిచిన మనిషే విడిగా కట్టాలి. వేరే జీతం, వ్యాపారం ఉండి మొత్తం ఆదాయం కోటి దాటితే సర్‌ఛార్జ్ 15 శాతానికి వెళ్తుంది, అది ఇంకో లెక్క. ఆ ఆర్థిక సంవత్సరం మార్చి 31 లోపు మిగిలి ఉన్న అడ్వాన్స్ టాక్స్ (ఏడాది లోపలే విడతలుగా కట్టే పన్ను) కిస్తీల్లో కట్టేస్తే వడ్డీ పడదు, తెలియక వదిలేస్తే వడ్డీ కూడా తోడవుతుంది. ఇంత సంగతి ఆ షోలో ఎవరైనా రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెబితే ఎంత టెన్షన్ తగ్గుతుంది!

చిన్న మొత్తాల్లో ఇంకా ఎక్కువ బాధ ఉంది. కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల దాకా జీతం వచ్చేవాళ్లకి ఇప్పుడు రిబేటు (పన్నులో ఇచ్చే తగ్గింపు) పోగా పన్ను సున్నా. అదే విధానంలో, పైసా ఆదాయం లేని ఒక గృహిణి మధ్యాహ్నం షోలో లక్ష గెలిస్తే సెస్‌తో కలిపి 31,200 పన్ను. ఇంత ఆదాయం దాకా పన్ను లేదనే బేసిక్ మినహాయింపు ఈ డబ్బుకి వర్తించదు, ఆ రిబేటు కూడా రాదు. షూటింగ్‌కి వెళ్లడానికి బస్సు ఖర్చు పెట్టుకున్నాం, చీర కొనుక్కున్నాం, రెండు రోజులు లాడ్జిలో ఉన్నాం అంటే అవేవీ తగ్గించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అనుకోకుండా వచ్చిన సొమ్ము మీద పన్ను వేయడాన్ని నేను తప్పు పట్టడం లేదు, కానీ ఏమీ లేని మనిషికీ, కోట్లు ఉన్న మనిషికీ మొదటి రూపాయి నుంచి ఒకే 30 శాతం అనడం మాత్రం నాకు న్యాయంగా అనిపించదు. కనీసం మొదటి లక్ష, రెండు లక్షల వరకైనా మామూలు శ్లాబుల్లో కలిపితే ప్రభుత్వ ఖజానాకి పెద్దగా పోయేదేమీ ఉండదని నా నమ్మకం.

ఇక 10 వేల సంగతి. "10 వేల లోపు బహుమతికి టాక్స్ లేదు" అని చాలామంది గట్టిగా చెబుతుంటారు, అది తప్పు. 10 వేలు దాటితే ఇచ్చేవాళ్లు టీడీఎస్ కోయాలన్నది మాత్రమే ఆ రూలు. 2025 ఏప్రిల్ నుంచి ఆ 10 వేలను ఏడాది మొత్తానికి కాకుండా ఒక్కో బహుమతికి విడిగా చూస్తున్నారు. 8 వేలు గెలిచినా అది ఆదాయమే, రిటర్నులో చూపించాల్సిందే. ఇంకోటి, ఇలాంటి గెలుపు ఉన్న ఏడాది సులువైన ఐటీఆర్-1 రిటర్ను ఫారం పనికిరాదు, జీతం తప్ప వేరే ఏమీ లేనివాళ్లు కూడా ఐటీఆర్-2కి వెళ్లాలి.

నాకు అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం ఉన్నది వస్తువుల బహుమతుల విషయంలో. కారు తాళం చేతిలో పెట్టి ఫొటో తీస్తారు, కానీ తాళం చేతికొచ్చినంత మాత్రాన కారు ఇంటికి రాదు. బహుమతి మొత్తం వస్తువు రూపంలో ఉన్నా, లేదా కొంచెం నగదు ఉండి అది పన్నుకి సరిపోకపోయినా, పన్ను కట్టినట్టు చూసుకున్నాకే వస్తువు ఇవ్వాలని చట్టం చెబుతోంది. 10 లక్షల కారు అంటే ముందు 3 లక్షలు తేవాలి. చేతిలో అంత డబ్బు ఉన్నవాళ్లు ఎంతమంది? కొందరు అప్పు చేసి కడతారు, తర్వాత ఆ అప్పు తీర్చడానికి అదే కారును బేరానికి పెడతారు. షోరూం దాటిన కారుకి కొత్త కారు ధర ఎవరిస్తారు? స్పాన్సర్ పేరు మాత్రం షో నడిచినన్నాళ్లూ ఉచితంగా మోగుతుంది.

దీనికి దారి ఉంది. కారుతో పాటు పన్నుకి సరిపడా నగదు కూడా బహుమతిగా ఇవ్వొచ్చు. ఆ నగదు మీద కూడా పన్ను పడుతుంది కాబట్టి సెస్‌తో సహా లెక్కేస్తే 10 లక్షల కారుకి దాదాపు 4 లక్షల 53 వేల 500 జత చేయాలి. అంత పెట్టలేకపోతే 10 లక్షల కారుకి బదులు 7 లక్షల కారు ఇచ్చి మిగతాది నగదుగా పెట్టండి, గెలిచిన మనిషి అప్పు లేకుండా నడుపుకుంటాడు. చూసేవాళ్లకి కూడా అది తక్కువ ముచ్చటేం కాదు.

అమెరికాలో 2004 సెప్టెంబర్‌లో ఓప్రా విన్‌ఫ్రీ తన షోకి వచ్చిన ప్రేక్షకులు 276 మందికి ఒకేసారి పాంటియాక్ కార్లు ఇచ్చారు. కారు ఖరీదు 28 వేల డాలర్ల దగ్గర. సేల్స్ టాక్స్, రిజిస్ట్రేషన్ లాంటివి కంపెనీ భరించింది, ఇన్‌కమ్ టాక్స్ మాత్రం ఎవరిది వాళ్ల మీదే పడింది, ఒక్కొక్కరికి ఏడు వేల డాలర్ల దాకా వచ్చిందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అంటే ఇరవై ఏళ్ల కిందటే ప్రపంచమంతా చూసిన ఇబ్బంది ఇది. బ్రిటన్‌లో ఇలాంటి గెలుపుల మీద మామూలుగా ఇన్‌కమ్ టాక్స్ ఉండదు. జర్మనీలో 2012లో అక్కడి అత్యున్నత పన్నుల కోర్టు, బిగ్ బ్రదర్ విజేత ఇంట్లో ఉండి, చెప్పిన పనులు చేసి గెలిచాడు కాబట్టి అది చేసిన పనికి వచ్చిన ప్రతిఫలమేనని, పన్ను కట్టాలని తేల్చింది. దేశాన్ని బట్టి రూలు మారుతుంది సరే, మన దగ్గర రూలు ఇంత స్పష్టంగా ఉండి కూడా దాన్ని జనానికి చెప్పకపోవడమే నా బాధ.

మన దగ్గర కూడా ప్రైజ్ వేరు, పారితోషికం వేరు. రియాలిటీ షోలో వారానికింత అని ఒప్పందం రాసుకుని తీసుకునేది పనికి వచ్చే డబ్బు, అది మామూలు శ్లాబుల్లోకి వెళ్తుంది, చివర్లో గెలిచిన ప్రైజ్‌కి మాత్రం 30 శాతం. పిల్లల పాటల పోటీలో గెలుపు పిల్లల ప్రతిభకి వచ్చింది కాబట్టి తల్లిదండ్రుల ఆదాయంలో కలపరు, పిల్లల పేరు మీదే పాన్ తీసుకుని పన్ను చూపించాలి. చాలా ఇళ్లలో ఇది తెలియక తండ్రి పాన్ ఇచ్చేస్తారు, తర్వాత ఆ చిక్కు విప్పుకోవడానికి నానా తిప్పలు.

చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం గెలిచినవాళ్లతో ఆగిపోవడం లేదు. కేబీసీ (కౌన్ బనేగా కరోడ్‌పతి) లాటరీలో 25 లక్షలు వచ్చాయని వాట్సాప్‌లో మెసేజ్ పంపి, "ముందు టాక్స్ కట్టండి" అని డబ్బు లాగే మోసం ఏళ్లుగా నడుస్తోంది, పోలీసులు ఎన్నిసార్లు హెచ్చరించినా ఇంకా పడేవాళ్లు పడుతూనే ఉన్నారు. ఎందుకు నమ్ముతారు? బహుమతికి పన్ను ఉంటుందని అరకొరగా విని ఉంటారు, అది ఎలా కడతారో ఎవరూ చెప్పి ఉండరు. నగదు బహుమతిలో పన్ను ఆ డబ్బులోంచే కోస్తారు, ముందు పంపమని అడగాల్సిన పనే లేదు. వస్తువు విషయంలో ముందు కట్టాల్సి వస్తే మీ సొంత పాన్ మీద, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో అడ్వాన్స్ టాక్స్‌గా మీరే కట్టి ఆ చలానా కాపీ ఇవ్వొచ్చు, ఎవరి ఫోన్ నంబరుకీ డబ్బు పంపాల్సిన పని లేదు. మీరు పాల్గొనని షోలో మీకు బహుమతి రాదు. ఈ మాటలు షో మధ్యలో ఆ యాంకరే చెబితే ఎంతమంది డబ్బు మిగులుతుందో ఆలోచించండి.

కాబట్టి చానళ్లను నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. మొత్తం ప్రకటించినప్పుడు కిందే పన్ను పోగా వచ్చేది వేయండి. వస్తువు ఇచ్చే షోలో దాని విలువ, దాని మీద కట్టాల్సిన పన్ను, అది ఎవరు కడతారన్నది పోటీలోకి రాకముందే తెలుగులో రాసి ఇవ్వండి, ఇంగ్లిషులో పది పేజీల ఒప్పందం ఇచ్చి సంతకం పెట్టించుకుంటే చెప్పినట్టు కాదు. వద్దనుకుంటే వస్తువును వదులుకునే హక్కు కూడా అందులో ఉండాలి. టీడీఎస్ కోసినందుకు సర్టిఫికెట్ అడగకుండానే పంపండి. పన్ను శాఖ దగ్గర తమ పాన్ మీద ఉండే పన్ను లెక్కలో ఆ డబ్బు కనిపించక, పాత ఫోన్ నంబర్లు పట్టుకుని చానల్ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లను నేను చూశాను.

మీ పేపర్‌కి కూడా ఒక మాట. ఫలానా ఊరి కుర్రాడు 25 లక్షలు గెలిచాడని వార్త వేసినప్పుడు, పన్ను పోగా 17 లక్షల 20 వేలు అని పక్కన రాయండి. ఆ ఊళ్లో అతని దగ్గరికి అప్పు కోసం వచ్చేవాళ్లకి కూడా అసలు లెక్క తెలుస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు